చక్రం పెరిగితే క్లచ్ ఎందుకు అరుగుతుంది? (4వ పాఠం)

పోయినసారి 185/65 ఆర్15 టైరు మొత్తం ఎత్తు లెక్కకట్టమన్నాను. చాలామంది 511 మిల్లీమీటర్లని రాశారు. అది స్కూటర్ చక్రం కంటే కాస్తే పెద్దది! అందుకే డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచే గేర్ల పెట్టె) పాఠం వాయిదా వేశాను.

వాళ్లు 65ని మిల్లీమీటర్లనుకున్నారు. అది మిల్లీమీటర్లు కాదు, శాతం. 185 మిల్లీమీటర్ల టైరు వెడల్పులో శాతం. 185లో 65 శాతం అంటే 120.25. రిమ్ముకి పైనా రబ్బరే, కిందా రబ్బరే కాబట్టి రెండింతలు, 240.5. పదిహేను అంగుళాల రిమ్ము 381. మొత్తం 621.5. శాతం సరిగ్గానే కట్టి, రబ్బరుని ఒక్కసారే కలిపినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల కారుకి కింద టైరు లేదన్నమాట.

ఇప్పుడు 195/55 ఆర్16 చూడండి: 620.9. రిమ్ము అంగుళం పెరిగినా చక్రం పెరగలేదు. 205/60 ఆర్16 అయితే 652.4, దాదాపు 5 శాతం ఎక్కువ. షాపులో రెండింటినీ "పదహారు ఇంచులే సార్" అంటారు. రిమ్ము సైజు విని సరేనంటే దెబ్బతినేది ఇక్కడే.

ఆ 5 శాతంతో ఏమవుతుంది? సింహాచలం ఘాట్‌లో ముందు బస్సు ఆగింది, మీరూ ఆగారు. మళ్లీ కదలాలి. అదే ఎత్తు ఎక్కడానికి డ్రైవ్ షాఫ్ట్ (చక్రాన్ని తిప్పే కడ్డీ), దాని చివరుండే వంగే కీలు సీవీ జాయింట్, డిఫరెన్షియల్ 5 శాతం ఎక్కువ మెలితిప్పుడు (టార్క్) మోయాలి. ఇంజిన్ వేగం అంతే ఉన్నా, ఇంజిన్‌ని గేర్లతో కలిపే క్లచ్ పూర్తిగా పట్టుకునేసరికి బండి 5 శాతం ఎక్కువ వేగం అందుకోవాలి. వేడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, చదునైన రోడ్డు మీదే క్లచ్ ప్లేటుకి సుమారు 10 శాతం ఎక్కువ వేడి. ఎత్తు మీద క్లచ్ ప్లేటు జారడం ఇంకా ఎక్కువసేపు. కైలాసగిరి ఎక్కేటప్పుడు కాలిన వాసన వస్తే బ్రేకులని ఊరుకోకండి.

మీటరు కూడా తక్కువ చూపిస్తుంది. అది 10,000 కిలోమీటర్లు అన్నప్పుడు మీరు నిజానికి 10,500 నడిపేశారు, ఆయిల్ మార్చడం ఆలస్యమైపోయింది.

ఇక రిమ్ముల మాట. నాకైతే ఇనుప రిమ్ములే ఇష్టం. బీచ్ రోడ్డు ఉప్పుగాలికి అల్లాయ్ (అల్యూమినియం మిశ్రమం) రిమ్ముల మీద పూత పొరలుగా లేస్తుంటే చూడలేను. ఇనుముకి తుప్పు పట్టదా అంటే, పడుతుంది. గీకి రంగేస్తాను.

అభ్యాసం: టైరు మీదా నేల మీదా సుద్దతో గీత పెట్టి, నలుగుర్ని కూర్చోబెట్టి, బండిని సరిగ్గా ఐదు చుట్లు తోయించి టేపుతో కొలవండి. 185/65 ఆర్15కి లెక్క ప్రకారం 9.76 మీటర్లు రావాలి. బరువుకి టైరు నొక్కుకుంటుంది కాబట్టి తక్కువే వస్తుంది, ఎంత తక్కువో రాయండి. గాలి 5 పీఎస్ఐ (టైరు గాలి ఒత్తిడి కొలత) తగ్గించి మళ్లీ కొలవండి. తర్వాత అరిగిన స్టెప్నీ వేసి మూడోసారి. మూడు కొలతలూ లేకుండా జవాబు పంపకండి.