సెక్షన్‌లో (నేలను నిలువుగా కోసినట్టు చూపే డ్రాయింగ్‌లో) వాలు కనపడట్లేదా?

అనంతపురం చుట్టుపక్కల సైట్లు చాలావరకు చదునుగా కనిపిస్తాయి. 100 మీటర్ల పొడవున 1.5 మీటర్ల వాలు ఉందనుకోండి, 1:200 స్కేలులో అది కాగితం మీద 7.5 మిల్లీమీటర్లే. నీళ్లు ఎటు పారతాయో, ఇంకుడుగుంత ఎక్కడ తవ్వాలో ఎవరికీ అర్థం కాదు.

ఆటోక్యాడ్‌లో నేల గీతను మాత్రమే బ్లాక్‌గా (ఒకే వస్తువుగా) మార్చి, ప్రాపర్టీస్‌లో వై స్కేల్ 5 ఇవ్వండి, అంటే నిలువుగా 5 రెట్లు సాగుతుంది. బ్లాక్ చేసేటప్పుడు 'స్కేల్ యూనిఫార్మ్‌లీ' టిక్ తీసేయాలి. చెట్లు, మనుషుల బొమ్మలు తర్వాత విడిగా పెట్టుకోండి, లేదంటే వేపచెట్టు కాస్తా తాటిచెట్టైపోతుంది! ఎత్తులకు డైమెన్షన్ కమాండ్ వాడితే 5 రెట్లు చూపిస్తుంది. లెవెల్స్ (నేల ఎత్తులు) సర్వే షీట్ చూసి టైప్ చేయడమే మేలు. షీట్ మీద 'నిలువు స్కేలు 1:40' అని తప్పకుండా రాయండి, మేస్త్రీ కొలబద్ద పెట్టి చూస్తాడు.