బుగినీస్ 'ఙ్క' అక్షరం తెరపై సరిగా రావడం లేదా? సమస్య - పరిష్కారం

ఇండోనేషియాలోని దక్షిణ సులవేసిలో బుగిస్ భాషకు వాడే లిపి లొంతరా. ప్రపంచ లిపుల అక్షరాలకు కోడ్‌లిచ్చే యూనికోడ్ ప్రమాణంలోకి ఇది 2005లో, 4.1 వెర్షన్‌తో, బుగినీస్ పేరుతో వచ్చింది. అందులో 23 అక్షరాలు, 5 గుణింతపు గుర్తులు, 2 విరామ చిహ్నాలు ఉన్నాయి. 'ఙ్క' కోడ్ యు+1ఏ03. తెలుగులో ఙ, పొల్లు, క అని మూడు కోడ్‌లు కలిస్తే వచ్చేది అక్కడ ఒకే అక్షరం, ఒకే కోడ్.

ఖాళీ డబ్బా కనిపిస్తోంది

ఫాంటు లేదు, అంతే. అక్షరం ఫైల్లో క్షేమంగా ఉంది కాబట్టి చెరిపి మళ్లీ కొట్టకండి. నోటో సాన్స్ బుగినీస్ వేసుకోండి. కొత్త విండోస్‌లో ఉండే లీలావడీ యూఐ ఫాంటులోనూ ఈ లిపి ఉంది. వెబ్ పేజీ అయితే సీఎస్ఎస్‌లో (పేజీ రూపం ఎలా ఉండాలో చెప్పే కోడ్) ఫాంటు పేరు రాస్తే చాలదు, ఫాంటు ఫైలు కూడా జత చేయాలి. లేకపోతే మీ కంప్యూటర్లో బాగానే కనిపిస్తుంది, చదివేవాళ్ల ఫోన్లో మళ్లీ డబ్బాలే.

ప్రశ్న గుర్తు కనిపిస్తోంది

ఇది డబ్బా లాంటిది కాదు. ఈ అక్షరానికి చోటు లేని పాత ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను బైట్లుగా భద్రపరిచే పద్ధతి) ఎవరో సేవ్ చేశారు, అసలు అక్షరం పోయింది. అనుమానం ఉంటే వర్డ్‌లో అతికించి, దాని వెనకే కర్సర్ పెట్టి ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కండి. 1ఏ03 వస్తే అక్షరం బతికే ఉంది. 003ఎఫ్ వస్తే పాత కాపీ వెతుక్కోవాల్సిందే, ఏ ఫాంటూ దాన్ని తిరిగి తేలేదు.

ఒక్క అక్షరం బదులు మూడు పిచ్చి గుర్తులు

యూనికోడ్ అక్షరాలను భద్రపరిచే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో ఙ్క మూడు బైట్లు: ఈ1, ఏ8, 83. దాన్ని విండోస్-1252గా, అంటే పశ్చిమ యూరప్ భాషల పాత ఎన్‌కోడింగ్‌గా, చదివితే నెత్తిన గీత ఉన్న చిన్న ఇంగ్లిష్ ఏ, పక్కన రెండు చుక్కలు, ఆ తర్వాత తోక ఉన్న ఎఫ్ వస్తాయి. తెలుగు ఇలా చెడినప్పుడు కూడా ఏ వస్తుంది గానీ, దాని గీత ఎడమకు వాలి, పక్కన ఎక్కువగా డిగ్రీ గుర్తు ఉంటుంది. ఒకసారి కంటికి అలవాటైతే ఏ లిపి చెడిందో చూడగానే తెలిసిపోతుంది.

ఫైలును యూటీఎఫ్-8గా మళ్లీ తెరవండి. అప్పటికే చెడిన రూపంలో సేవ్ అయిపోయిందా? విండోస్-1252గా సేవ్ చేసి, యూటీఎఫ్-8గా తెరవండి. ఙ్క ఈ దారిలో వెనక్కి వస్తుంది. గ, జ, ఞ్చ, య మాత్రం రాకపోవచ్చు. వాటి చివరి బైట్లు 81, 8డి, 8ఎఫ్, 90. ఆ నాలుగింటికీ విండోస్-1252లో గుర్తే లేదు, కాపీ చేసేటప్పుడే జారిపోతాయి. అందుకే ఒక్క పదం సరిగ్గా వచ్చిందని సంబరపడకుండా ఈ నాలుగక్షరాలూ ఉన్న వాక్యం చూసుకోండి.

ఏత్వం పక్కన చుక్కల వలయం

బుగినీస్ ఏత్వం అక్షరానికి ఎడమ పక్కన కనిపిస్తుంది. చేత్తో రాసినట్టే ముందు గుర్తు కొడితే తప్పు. ఙ్కే కావాలంటే ముందు 1ఏ03, తర్వాత 1ఏ19. పదం మొదట్లో తప్పు చేస్తే, గుర్తుకు ఆనుకోడానికి అక్షరం లేక, వలయం వచ్చి పట్టిస్తుంది. మధ్యలో చేస్తే వలయం కూడా రాదు, ఏత్వం చడీచప్పుడు లేకుండా ముందున్న అక్షరానికి అతుక్కుంటుంది. నన్నడిగితే అన్నింటిలోకీ ఇదే ప్రమాదం.

కంటికి ఉంది, వెతికితే దొరకదు

ఎవరో ఙ, క విడివిడిగా కొట్టి ఉంటారు, లేదా ఉత్త క రాసి వదిలేసి ఉంటారు. చివరి హల్లుల్ని రాయని లిపి కదా, చదివేవాళ్లు సందర్భాన్ని బట్టి సర్దుకుంటారు. కంప్యూటర్ సర్దుకోదు. మూడు రకాలుగానూ వెతకండి. విడిగా కొట్టినవి 1ఏ03కి మార్చొచ్చు గానీ, ఒక్కోటీ చూసి మార్చాలి. 'ఙక' అనే ఉద్దేశంతో రాసిన చోట్లూ ఉంటాయి. పాత రాతప్రతి నకలైతే అసలు ముట్టుకోకండి.