సరిహద్దు ఊళ్లో సాహిత్య ఉత్సవం జరపడం ఎలా?

ఒడిశాలోని మా బరంపురంలో తెలుగు చెవికి దొరుకుతుంది, కంటికి దొరకదు. కూరగాయల బజారులో, పట్టుచీరల దుకాణంలో, పెళ్లి పందిట్లో ఎక్కడ చూసినా తెలుగు మాటే. అదే తెలుగులో ఒక ఉత్తరం రాయమంటే మా పిల్లల్లో చాలామంది ఆగిపోతారు. వాళ్లు బడిలో చదువుకుంది ఒడియా, ఇంగ్లీషు. పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు తెలుగువాళ్ల ఇళ్లలోనూ ఇదే మాట వింటుంటాను. అందుకే ఇక్కడ సాహిత్య ఉత్సవం పెట్టాలనుకునేవాళ్లు ముందు రాయించే గది గురించి ఆలోచించాలి. వేదిక సంగతి ఆ తర్వాత.

తేదీ

అక్టోబరు వద్దు. 2013లో ఫైలిన్ తుపాను అక్టోబరు 12న మా పక్కనే గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2014లో హుద్‌హుద్ అదే తేదీన విశాఖను కొట్టింది. 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర ఒడ్డుకు వచ్చి గజపతి జిల్లాను ముంచింది. ఆ రోజుల్లో అతిథులను పిలిచి టెన్షన్ పడటం ఎందుకు? డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరి మొదట్లో విజయవాడది ఉంటాయి కాబట్టి ప్రచురణకర్తలు దొరకరు. ఆ తర్వాత సంక్రాంతి, అది దాటితే పరీక్షలు. వసంతంలో పెడదామంటే, రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర, అంటే మా ఊరి అమ్మవారి జాతర, వచ్చినప్పుడు ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది.

నాకు నచ్చేది నవంబరు చివరి శని, ఆదివారాలు. తుపాను భయం అప్పటికీ పూర్తిగా పోదు కాబట్టి ఆరుబయట పందిరి కాకుండా హాలే తీసుకోండి. మార్గశిర గురువారాల్లో ఒడియా ఇళ్లలోనూ తెలుగు ఇళ్లలోనూ లక్ష్మీపూజ ఉంటుంది. ఉత్సవానికి ముందు చేసుకోవాల్సిన పనులు ఆ రోజు మీద వేయకండి.

పిలుపులు, టికెట్లు

రచయితలకు మూడు నెలల ముందు ఉత్తరం రాయండి. అందులో నాలుగు సంగతులు ఉండాలి: ఏ రోజు, ఎంతసేపు, ఎవరితో మాట్లాడాలి, ఎంత ఇవ్వగలరు. డబ్బు మాట ఎత్తడానికి మనకు మొహమాటం. కానీ రచయితకూ అడగడానికి అంతే మొహమాటం ఉంటుంది. తక్కువైనా సరే, ముందే చెప్పండి. వచ్చిన రోజే కవరు చేతిలో పెట్టండి.

రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే తీసుకోవచ్చు. 2024 నవంబరు నుంచి ఈ పద్ధతి వచ్చింది, అంతకు ముందు 120 రోజులు ఉండేది. కాబట్టి కార్యక్రమానికి రెండు నెలల ముందు రోజును క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. హౌరా–చెన్నై లైను మీద ఉండటం మన అదృష్టం. కాకపోతే స్టేషను పేరు బ్రహ్మపూర్ అనీ, కోడ్ బీఏఎం అనీ అతిథికి చెప్పండి. మధ్యప్రదేశ్‌లో బుర్హాన్‌పూర్, బెంగాల్‌లో ఇంకో బహరంపూర్ ఉన్నాయి.

ఒడియా రచయితలను కూడా పిలవండి. సగానికి సగం కాకపోయినా ఇద్దరైనా ఉండాలి. మన పక్కింట్లో ఏం రాస్తున్నారో మనకు తెలియదు, మన సంగతి వాళ్లకు తెలియదు. ఆహ్వానపత్రం రెండు లిపుల్లో వేయించి, ఒడియా భాగాన్ని ఒడియావాళ్ల చేతే రాయించండి. ఒడియాలో ‘కథా’ అంటే మాట, సంగతి అని కూడా అర్థం. మనం కథ అనేదానికి వాళ్లు ‘గళ్ప’ అంటారు. ‘కథల కార్యశాల’ అని ఉన్నదున్నట్టు వేస్తే ఏదో మాట్లాడటం నేర్పుతారేమో అనుకుంటారు.

వేదిక మీద

మేము మొదటిసారి పెట్టినప్పుడు వేదిక మీద ఎనిమిది మంది పెద్దలను కూర్చోబెట్టాం. జ్యోతి వెలిగించడం, శాలువాలు, తలా నాలుగు మాటలు అయ్యేసరికి భోజనాల వేళయింది. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన రచయిత్రికి దక్కింది పన్నెండు నిమిషాలు. ఆవిడ ఏమీ అనలేదు కానీ ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

అప్పటి నుంచి ఒకటే పద్ధతి: వేదిక మీద రెండు కుర్చీలు, ఒకటి రచయితకు, ఒకటి ఆ రచయిత పుస్తకాన్ని నిజంగా చదివిన మనిషికి. మొత్తం 50 నిమిషాలు. మొదట ఐదు నిమిషాలు రచయిత తన రచనలోంచి చదవాలి. తర్వాత పాతిక నిమిషాలు సంభాషణ, మిగతా ఇరవై సభలోవాళ్ల ప్రశ్నలకు. ప్రశ్నలు చీటీల మీద రాయించుకుంటే సిగ్గుపడే పిల్లలవీ వస్తాయి, ప్రశ్న పేరుతో ఉపన్యాసాలు రావు. తెలుగు సభ అయితే మధ్యలో రెండుసార్లు ఒడియాలో సారాంశం, ఒడియా సభ అయితే తెలుగులో. ప్రతి వాక్యాన్నీ అనువదిస్తూ పోతే ఇద్దరికీ విసుగు. పెద్దలను గౌరవించాలంటే ముందు వరుసలో కూర్చోబెట్టి పేరు చెప్పి నమస్కరించండి, చాలు.

రాయించే గది

ఒక గదికి 18 మందికి మించి వద్దు. గుండ్రంగా కుర్చీలు, నడిపించేవాళ్లు ఇద్దరు. మూడు విడతలు, ఒక్కొక్కటి గంటన్నర.

మొదటి విడతలో ఎవరూ సొంతంగా రాయరు. జంటలుగా కూర్చోబెట్టండి. ఒకరు తమ ఇంట్లో ఉన్న ఏదో ఒక పాత వస్తువు గురించి ఐదు నిమిషాలు చెప్తారు: రోలు, కుట్టుమిషను, తాత గొడుగు, ఏదైనా. రెండోవాళ్లు విన్నది విన్నట్టు రాస్తారు. దీంతో తెలుగు అక్షరాలు రాని పిల్లకు కూడా తన మాట కాగితం మీద కనిపిస్తుంది. ఆ క్షణంలో ఆ పిల్ల మొహం చూడాలి!

తెలుగు లిపి ఇద్దరికీ రాకపోతే ఒడియా లిపిలోనే తెలుగు రాయనివ్వండి. తప్పేం కాదు. ఒక్క చిక్కు ఉంది. ఒడియాలో ఎ–ఏ, ఒ–ఓలకు వేరువేరు గుర్తులు లేవు. మెడ, మేడ ఒకేలా కనిపిస్తాయి. అందుకని రాసినవాళ్లే పైకి చదవాలి, నడిపించేవాళ్లు పక్కన తెలుగు లిపిలో దించుకోవాలి. తన మాటను రెండు లిపుల్లో పక్కపక్కన చూసుకున్న పిల్లలకు తెలుగు అక్షరాల మీద ఆశ పుడుతుంది. వర్ణమాల పుస్తకం ఇచ్చి కూర్చోబెడితే అది రాదని నా అనుభవం.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. ‘ఏటి చేస్తన్నావు’ అని రాసిన చోట ‘ఏమి చేస్తున్నావు’ అని దిద్దకండి. ‘గుంటడు’ని కొట్టేసి ‘కుర్రవాడు’ అనకండి. జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో టీచరుగా చేరింది మన పర్లాకిమిడిలోనే. సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం సొంత డబ్బుతో బడులు పెట్టిందీ ఆ చుట్టుపక్కలే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లారు. ఆయన తిరిగిన నేల మీద నిలబడి ఒక పిల్ల ఇంటి మాటను తప్పు అనడానికి నాకు నోరు రాదు. అక్షరదోషాలు వేరు. అవి చివర్లో, రాసినవాళ్లను అడిగి సరిచేయవచ్చు.

రెండో విడతలో రాసినదాన్ని తిరిగి చదివి, చెప్పేటప్పుడు గొంతు ఎక్కడ మారిందో ఆ చోటు వెతకాలి. రోలు గురించి చెప్తూ ‘మామ్మ పోయిన తర్వాత దాన్ని పెరట్లో పడేశారు’ అన్న చోట ఆగితే, కథ అక్కడ మొదలవుతుంది. అంతకు ముందు చెప్పింది పక్కన పెట్టి, ఆ వాక్యం నుంచి ఒక పేజీ రాయమనండి. మూడో విడత చదవడానికి. విన్నవాళ్లు రెండే ప్రశ్నలకు జవాబు చెప్పాలి: ఏం గుర్తుండిపోయింది? ఎక్కడ అర్థం కాలేదు? ‘చాలా బాగుంది’ అనే మాటను ఆ గదిలోకి రానివ్వకండి. రాసినవాళ్లకు దాంతో ఏ ఉపయోగమూ లేదు.

పుస్తకాలు, తిండి, మైకు

తెలుగు పుస్తకాలు మా దుకాణాల్లో దొరకడం కష్టం. అమ్ముడు కానివి తిరిగి పంపే షరతు మీద ప్రచురణకర్తలను అడగండి. వచ్చే అతిథుల చేత కొన్ని తెప్పించుకోవచ్చు. అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు, లెక్క సులువు. మైకు అనుమతికి పోలీస్ స్టేషన్‌లో ముందే దరఖాస్తు ఇవ్వండి. రాత్రి 10 తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్ కుదరదు. పొద్దున ఉప్మా, ఘుగుని (బఠాణీల కూర) పెడితే తెలుగువాళ్లకూ ఒడియావాళ్లకూ సరిపోతుంది.

అయిపోయాక

కుర్చీలు సర్దకముందే వచ్చే నెల ఏ ఆదివారం కలుస్తారో చెప్పేయండి. గదిలో రాసినవన్నీ యూనికోడ్‌లో టైపు చేయించండి. ప్రెస్సుల్లో వాడే పాత ఫాంట్లలో చేస్తే ఫోనులో తెరుచుకోవు, పిల్లలు ఒకరికొకరు పంపుకోలేరు. పేజీలు 16 గుణిజంలో ఉండేలా సర్దితే అచ్చు ఖర్చు కలిసొస్తుంది. 32 పేజీల చిన్న పుస్తకం చాలు. పక్కపక్క పేజీల్లో ఒడియా అనువాదం కూడా వేయగలిగితే ఇంకా మంచిది.

అచ్చయిన ప్రతులను ముందు వేదిక పెద్దలకు పంచే అలవాటు మానండి. ఎవరి మామ్మ మాట ఆ పుస్తకంలో ఉందో, ఆ ఇంటికి మొదటి ప్రతి వెళ్లాలి. ఆవిడకు చదువు రాకపోతే రాసిన పిల్లే పక్కన కూర్చుని చదివి వినిపించాలి.