ఆర్15 కొనాలా, ఎన్ఎస్200 కొనాలా: వానలు మొదలవకముందే చూసుకోవాల్సిన జాగ్రత్తలు

మే నెలాఖరులో మా ఇంట్లో ఈ చర్చ మొదలైంది. మా అక్క కొడుకు బీటెక్ మూడో ఏడాదిలోకి వస్తున్నాడు. ఊరి నుంచి కాలేజీకి 24 కిలోమీటర్లు, బస్సు ఒక రోజు వస్తే ఒక రోజు రాదు. బైకు కొనిద్దామని అక్కా బావా ఒప్పుకున్నారు. వాడి మనసులో ఉన్నవి రెండే బళ్ళు: యమహా ఆర్15, బజాజ్ పల్సర్ ఎన్ఎస్200. "ఏది కొనాలో నువ్వే చెప్పు మామా" అన్నాడు. చెప్పే ముందు నేను వాణ్ని అడిగింది ఒకటే: రోజూ ఏ దారిలో వెళ్తావు, వెనక ఎవరు కూర్చుంటారు?

ఇలాంటి స్పోర్టీ బైకు చూస్తున్న ప్రతి ఇంట్లోనూ ముందు తేలాల్సింది ఇదే. కుర్రాళ్ళు టాప్ స్పీడు గురించి, పికప్ గురించి మాట్లాడుకుంటారు. ఈ రెండు బళ్ళూ మన రోడ్లకు సరిపోయేదానికంటే ఎక్కువే పరిగెడతాయి. మీ దారిలో, మీ వెనక కూర్చునే మనిషితో, మీరు చిన్న తప్పు చేసినా తేరుకునే వీలు ఏ బండి ఇస్తుందో అది చూడాలి.

కాగితం మీద లెక్కలు ఇలా ఉన్నాయి. ఆర్15 వీ4 (నాలుగో వెర్షన్) ఇంజను 155 సీసీ, బలం 18.4 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), బండి బరువు సుమారు 142 కిలోలు. ఎన్ఎస్200 ఇంజను 199.5 సీసీ, 24.5 పీఎస్, బరువు 158 కిలోల పైన. రెండూ లిక్విడ్ కూల్డ్ (ద్రవంతో చల్లబడే ఇంజన్లు), రెండింటికీ ఆరు గేర్లు, ముందూ వెనకా డిస్క్ బ్రేకులు. ఇప్పుడు వస్తున్న మోడళ్ళలో రెండింటికీ డ్యూయల్ ఛానల్ ఏబీఎస్ ఉంది, అంటే గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు రెండు చక్రాలకూ ఉంది. సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్ళు మాత్రం ఒక విషయం గుర్తుంచుకోండి. 2023 కంటే ముందు వచ్చిన ఎన్ఎస్200ల్లో ఏబీఎస్ ముందు చక్రానికే ఉండేది. ఇంకా పాతవాటిలో అదీ లేదు. "ఏబీఎస్ ఉంది" అన్న మాటతో సరిపెట్టుకోకుండా, వెనక చక్రానికి కూడా ఉందో లేదో అడగండి.

ఇక ఇంజన్ల స్వభావం. ఆర్15 పూర్తి బలం వచ్చేది 10,000 ఆర్పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర. దాంట్లో వీవీఏ అనే ఏర్పాటు ఉంది, 7,400 ఆర్పీఎం దాటాక వాల్వులు తెరుచుకునే తీరు మారి ఇంజను ఒక్కసారిగా చురుగ్గా లాగుతుంది. అలవాటున్నవాళ్ళకు అది ఆనందం. 100 సీసీ బండి దిగి వచ్చిన కుర్రాడికి మాత్రం ఓవర్‌టేక్ మధ్యలో ఇబ్బంది. రెండు లైన్ల రోడ్డు మీద లారీ వెనక ఆరో గేర్లో 55లో పోతూ, అదే గేర్లో యాక్సిలరేటర్ తిప్పితే ఆర్15 వెంటనే కదలదు. సగం లారీ దాటాక ఎదురుగా బస్సు కనిపిస్తుంది, అప్పుడు గేరు తగ్గిస్తే బండి ఎగిరినట్టు లాగుతుంది, టెన్షన్‌లో చెయ్యి వణుకుతుంది. కాబట్టి పక్కకు తీయకముందే, లారీ వెనక ఉండగానే రెండు గేర్లు తగ్గించి, బండి లాగుతోందని తెలిశాకే బయటికి రావాలి. ఎన్ఎస్200కి మధ్య ఆర్పీఎంలో బలం కాస్త ఎక్కువ కాబట్టి ఈ ఇబ్బంది తక్కువ. కానీ అది ఇచ్చే ధైర్యం కూడా ప్రమాదమే. గంటకు 80లో బండి ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది. మనం చూసి బ్రేకు పట్టేలోపే దాదాపు ఆ దూరం అయిపోతుంది.

షోరూమ్‌లో స్టాండ్ మీద ఉన్న బండి ఎక్కి ఫొటో దిగితే ఏమీ తెలియదు. ఆర్15 హ్యాండిల్ కిందకు ఉంటుంది, సీటు 815 మిల్లీమీటర్ల ఎత్తు, ఒళ్ళంతా ముందుకు వంగి బరువు మణికట్ల మీద పడుతుంది. హైవే మీద వేగంగా పోయేటప్పుడు అది సుఖంగానే ఉంటుంది, ఊళ్ళో స్పీడ్ బ్రేకర్ల మీద, సిగ్నళ్ళ దగ్గర అరగంట గడిస్తే చేతులు పీకుతాయి. ఎన్ఎస్200 హ్యాండిల్ పైకి ఉంటుంది, నడుము నిటారుగా ఉంటుంది, ఇరుకు సందులో తిప్పుకోవడం తేలిక. బరువు మాత్రం 15 కిలోల పైగా ఎక్కువ, పార్కింగ్‌లో వెనక్కి నెట్టేటప్పుడు తెలుస్తుంది. పొట్టిగా ఉన్నవాళ్ళు ఏటవాలు నేల మీద రెండు కాళ్ళూ ఆనించి చూసుకోండి. టెస్ట్ రైడ్ రెండు బళ్ళ మీదా ఒకే రోజు, ఒకే దారిలో చేయండి. ఒకటి సోమవారం, ఇంకోటి శనివారం నడిపితే మీరు పోల్చేది బళ్ళను కాదు, ఆ రోజు మీ మూడ్‌ను.

వెనక మనిషి లేకుండా టెస్ట్ రైడ్ ముగించొద్దు. మేము అక్కను తీసుకెళ్ళాం. ఆర్15 వెనక సీటు చిన్నది, ఎత్తు మీద ఉంటుంది. ఒక పక్కకు కూర్చుందామంటే కాలు ఆనే చోటు దొరకలేదు. రెండు వైపులా కాళ్ళు వేసి కూర్చుంటే మోకాళ్ళు పైకి లేచాయి. పట్టుకోవడానికి ఏమీ అందక వాడి భుజాలు పట్టుకుంది. వాడు బ్రేకు నొక్కగానే బరువంతా వాడి వీపు మీద పడింది, వాడి చేతులు హ్యాండిల్ మీద బిగుసుకున్నాయి. నేను పక్కన నడుస్తూ వాడి మోచేతులు చూశాను, కర్రల్లా నిలబడ్డాయి. మోచేతులు అలా బిగిస్తే బండి తిరగదు. ఎన్ఎస్200 మీద అక్క మాట్లాడుతూ కూర్చుంది. నాకు అదే సమాధానం అనిపించింది.

శారీ గార్డ్ గురించి ఒక మాట. లుక్ పాడవుతుందని చాలామంది డెలివరీ రోజే దాన్ని తీయించేస్తారు. వెనక మనిషికి పట్టుకునే చోటు, కాలు పెట్టుకునే చోటు, వెనక చక్రాన్ని సగం వరకైనా కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి. చున్నీ చైన్లో చుట్టుకుంటే గొంతుకు బిగుసుకుంటుంది. దయచేసి తీయించకండి.

ఇక వానల సంగతి, నేను ఇది రాయడానికి అసలు కారణం అదే. మొదటి వానలకు రోడ్డు మీద పేరుకున్న ఆయిల్, దుమ్ము కలిసి జారుడుగా తయారవుతాయి. తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, బ్రిడ్జిల మీద ఇనుప అతుకులు, మలుపులో కొట్టుకొచ్చిన ఇసక. నాట్ల రోజుల్లో ట్రాక్టర్లు పొలాల నుంచి రోడ్డెక్కి చక్రాలకున్న బురదంతా రాలుస్తాయి. ఆ బురద ఆరాక గడ్డలవుతుంది, తడిస్తే సబ్బులా జారుతుంది. వానలు తగ్గాక కోతలు. మన పల్లె రోడ్ల మీద సగం రోడ్డుకు వడ్లు ఆరబోస్తారు, అంచున బండరాళ్ళు పెడతారు, రాత్రికి నల్ల పరదా కప్పుతారు. హెడ్‌లైట్‌లో ఆ నల్ల పరదా రోడ్డులాగే కనిపిస్తుంది.

నేను పడింది అక్కడే. 2014 నవంబరులో, ఏబీఎస్ లేని 150 సీసీ బండి మీద. చీకటి పడుతోంది, వడ్లు అప్పటికే ఎత్తేశారు, రోడ్డు ఖాళీగా ఉందనుకున్నాను. వడ్లు ఎత్తినా పొల్లు మిగులుతుంది. కుక్క అడ్డం వచ్చింది, ముందు బ్రేకు గట్టిగా పట్టాను. చక్రం ఆగింది, బండి ఆగలేదు. పొల్లు మీద చక్రం పక్కకు జారిన ఆ శబ్దం, చేటలో బియ్యం చెరుగుతున్నట్టు, ఇప్పటికీ గుర్తుంది. ఎడమ మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టుతో ఉన్నాను.

ఇప్పటి బళ్ళకు ఏబీఎస్ ఉంది కదా అనుకోవద్దు. ఏబీఎస్ చక్రం బిగుసుకోకుండా చూస్తుంది, బండిని మన అదుపులో ఉంచుతుంది. ఇసక మీద, పొల్లు మీద బండి ఆగే దూరం మాత్రం పెరగొచ్చు. ఆర్15లో ట్రాక్షన్ కంట్రోల్ కూడా ఉంది. వెనక చక్రం ముందు చక్రం కంటే వేగంగా తిరుగుతుంటే ఇంజను బలాన్ని తగ్గిస్తుంది. తడి రోడ్డు మీద అది నిజంగా ఉపయోగపడుతుంది, ఈ విషయంలో ఆర్15కే నా ఓటు. కానీ మలుపులో ముందు చక్రం జారితే అది ఏమీ చేయలేదు. అందుకే కొత్త బండి వచ్చిన వారంలోనే ఖాళీ మైదానంలోనో, ఎవరూ లేని రోడ్డు మీదో 30లో, 40లో పోతూ రెండు బ్రేకులూ కలిపి గట్టిగా పట్టి చూడండి. ఏబీఎస్ పనిచేసేటప్పుడు లివర్ వేళ్ళ కింద టకటక కొట్టుకుంటుంది. అది తెలియనివాళ్ళు భయపడి బ్రేకు వదిలేస్తారు. ఆ కొట్టుకోవడం మామూలే, వదలకండి. ఇది నేర్చుకోవడానికి పదిసార్లు పట్టి చూస్తే చాలు.

డబ్బు లెక్కలో ఆర్15 ధర పైన, ఖర్చు కింద. రోజువారీ వాడకంలో ఆర్15 లీటరుకు 45 దగ్గర ఇస్తే ఎన్ఎస్200 35 దగ్గర ఇస్తుంది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగేవాళ్ళకు ఆరు లీటర్లకు పైగా తేడా, అంటే ఆరేడు వందల రూపాయలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బైకుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి, అంతకుముందు వీడియోల్లో చెప్పిన ధరలు పట్టుకుని బేరం చేయకండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సులో (మన బండి వల్ల ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి కట్టేది) రెండూ 150 నుంచి 350 సీసీ శ్లాబులోకే వస్తాయి, అక్కడ తేడా లేదు.

ఇన్సూరెన్సులో తేడా వేరే చోట ఉంది, అది ఇళ్ళల్లో ఎవరూ చూడరు. కొత్త బండికి థర్డ్ పార్టీ ఐదేళ్ళకు కట్టించుకుంటారు, సొంత బండి నష్టానికి మాత్రం చాలాచోట్ల ఒక ఏడాదికే ఇస్తారు. ఏడాది తిరిగాక "ఇన్సూరెన్స్ ఐదేళ్ళుంది కదా" అని ఊరుకుంటారు. అప్పుడు బండి నుజ్జయినా రూపాయి రాదు. ఉత్త థర్డ్ పార్టీ పాలసీలో వెనక కూర్చున్న మనిషికి కూడా సాధారణంగా రక్షణ ఉండదు. ఇంకోటి, 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా బండి ఎవరి పేరు మీద ఉందో వాళ్ళకే, వాళ్ళకు లైసెన్సు ఉంటేనే. బండి నాన్న పేరు మీద ఉండి కొడుకు నడుపుతుంటే కొడుక్కి అది వర్తించదు. మా బావ తన పేరు మీదే తీసుకుందామనుకున్నాడు, ఇది చెప్పాక వాడి పేరు మీదే చేయించాం.

ఇంటర్ చదివే పిల్లలకు ఈ బళ్ళు కొనిచ్చే తల్లిదండ్రులు ఒక్కసారి ఆగండి. 18 నిండకుండా గేర్ల బండికి లైసెన్సు రాదు. ప్రమాదం జరగకపోయినా, మైనర్ నడిపి పట్టుబడితే 2019 సవరణ ప్రకారం తల్లిదండ్రులకు 25 వేల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. 18 నిండినా, 100 సీసీ బండి మీద రెండేళ్ళయినా ట్రాఫిక్‌లో తిరగనివాళ్ళకు ఈ రెండూ వద్దంటాను. తిరిగినవాళ్ళలో, ఒంటరిగా మంచి రోడ్డు మీద పోయేవాళ్ళకు ఆర్15. రోజూ వెనక ఎవరో ఒకరు ఎక్కేవాళ్ళకు, ఊళ్ళో ఎక్కువ తిరిగేవాళ్ళకు ఎన్ఎస్200. మావాడు తెల్లారి అమ్మను స్కూల్లో దింపి కాలేజీకి పోవాలి, అందుకని ఎన్ఎస్200 అన్నాను. కొన్నాళ్ళు మొహం మాడ్చుకున్నాడు, తర్వాత ఒప్పుకున్నాడు.

ఆన్‌రోడ్ ధర చీటీ చేతికి వచ్చాక వరుసగా చదవండి. మేము వెళ్ళిన ఒక షోరూమ్‌లో అడగకుండానే యాక్సెసరీస్ కిట్టు, పాలిష్ కోటింగ్ కలిపి రాశారు. వద్దంటే తీసేశారు. డెలివరీ రోజు చాసిస్ నంబరు కాగితాలతో సరిపోయిందో చూసుకోండి. సేల్ సర్టిఫికెట్లో తయారీ నెల, సంవత్సరం ఉంటాయి. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, 2325 అంటే 2025లో 23వ వారం. టైర్లలో గాలి షోరూమ్ వాళ్ళు ఎక్కువ పట్టించి ఉంచుతారు, మాన్యువల్‌లో ఉన్న అంకెకు తగ్గించుకోండి. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది, మొదటి వంద కిలోమీటర్లు మలుపుల్లో బండి వంచొద్దు, తడి రోడ్డు మీద అసలే వద్దు. వానాకాలంలో చైను ప్రతి 500 కిలోమీటర్లకోసారి తుడిచి లూబ్ (చైనుకు వేసే నూనె) వేయండి, తడిస్తే ఆ రోజే.

పాలిష్ కోటింగ్ తీయించిన డబ్బుతో అదే రోజు ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అని ముద్ర ఉన్న హెల్మెట్లు రెండు కొన్నాం. వాడికి లార్జ్. అక్కకు మీడియం బిగుతుగా ఉందంది. తల అటూ ఇటూ ఊపి చూపించమన్నాను, హెల్మెట్ తలతో పాటే కదిలింది. ఆ బిగుతే కావాలని చెప్పి క్లిప్పు పెట్టి చూపించాను.