దీవిలో నాలుగు రాత్రులు: ఇద్దరి ప్రయాణం ఎలా వేసుకోవాలి?

ఉష్ణమండల దీవికి నాలుగు రాత్రుల కోసం బయలుదేరే జంటల్లో చాలామంది కాగితం మీద మూడు దీవులు రాసుకుంటారు. ఒక్కో దీవికి ఒక రోజు, మధ్యలో పడవ, లెక్క చక్కగా కుదిరినట్టే ఉంటుంది. అసలు సంగతి అక్కడికి వెళ్లాక తెలుస్తుంది. దీవి మారిన ప్రతిసారీ పెట్టెలు సర్దడానికి, రేవులో పడవ కోసం కూర్చోవడానికి, కొత్త చోట గది సిద్ధమయ్యేదాకా వేచి ఉండడానికి సగం పగలు ఖర్చవుతుంది. భూమధ్యరేఖ దగ్గర ఏ నెలలో వెళ్లినా పగలు 12 గంటలకు కాస్త అటూఇటూగానే ఉంటుంది. వచ్చే రోజు, వెళ్లే రోజు తీసేస్తే మిగిలేవి మూడు పగళ్లు, అంటే 36 గంటల వెలుతురు. ఇక్కడ రాసేదంతా ఆ 36 గంటలను కాపాడుకోవడం గురించే. ఒకే దీవి, ఒకే గది అన్న నియమం పెట్టుకుని మొదలుపెడదాం.

1. మొదట నెల, తర్వాత దీవి, ఆ తర్వాత ఒడ్డు

సెలవు ఏ నెలలో దొరుకుతుందో తెలిస్తే, ఆ నెలకు తగిన దీవిని వెతకండి. ఫొటోలు చూసి మనసు పారేసుకున్నాక క్యాలెండర్ తీస్తే రాజీ పడాల్సింది మీరే. మాల్దీవుల్లో పొడి కాలం సుమారుగా డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు. బాలిలో దాదాపు తలకిందులు: అక్కడ ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా వానలు తక్కువ. అట్లాంటిక్ హరికేన్ల కాలం జూన్ 1న మొదలై నవంబరు 30 వరకు నడుస్తుంది. కరీబియన్ దీవులకు ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు గడ్డు నెలలు. అయినా దక్షిణాన ఉన్న అరూబా, కురసావ్ దీవులు ఆ గాలివానల దారికి చాలావరకు వెలుపలే ఉంటాయి. మారిషస్‌కు తుపాన్ల బెడద నవంబరు నుంచి ఏప్రిల్ వరకు.

ఒకే దేశంలో రెండు తీరాలకు రెండు వానకాలాలు ఉండడమూ మామూలే. థాయ్‌లాండ్‌లో ఫుకెట్ మే నుంచి అక్టోబరు వరకు తడుస్తుంది. అవతల థాయ్‌లాండ్ సింధుశాఖ వైపున్న కో సముయ్‌లో పెద్ద వానలు అక్టోబరు, డిసెంబరు మధ్య పడతాయి. ఒక్క దీవిలోనూ ఇదే తీరు కనిపిస్తుంది. హవాయి పెద్ద దీవిలో ఈశాన్యపు వ్యాపార పవనాలు నేరుగా తగిలే హిలో తడిసి ముద్దవుతుంటే, కొండల చాటున ఉన్న కోనా వైపు పొడిగా ఉంటుంది. కాబట్టి దీవి పేరు తేలగానే ఆగిపోకండి. మీరు వెళ్లే నెలలో గాలి ఎటు నుంచి వీస్తుందో చూసి, దానికి చాటుగా ఉన్న ఒడ్డున గది తీసుకోండి. వానకు మరీ భయపడనక్కర్లేదు. చాలాచోట్ల అది గంటో రెండు గంటలో కుండపోతగా కురిసి వెలిసిపోతుంది. చిన్న సెలవును నిజంగా పాడుచేసేది గాలి. గాలి లేస్తే పడవలు కదలవు, నీళ్లు మసకబారతాయి.

2. పడవ వేళ తెలిశాకే విమానం టికెట్టు

చివరి ఫెర్రీ ఎన్నింటికో ముందు కనుక్కోండి. దానికి మూడు నాలుగు గంటల ముందే దిగే విమానం చూసుకోండి. మాల్దీవుల్లో నీటి మీద దిగే సీప్లేన్లు పగటి వెలుతురులోనే ఎగురుతాయి. సాయంత్రం దిగినవారు ఆ రాత్రి విమానాశ్రయం దగ్గరే గడపాలి, లేదంటే స్పీడ్‌బోట్ చేరుకోగల దీవిని ఎంచుకోవాలి. తక్కువ రోజులకు రెండోదే మేలని నా అభిప్రాయం. స్పీడ్‌బోట్‌లో కుదుపులు ముందు భాగంలో ఎక్కువ కాబట్టి వెనక కూర్చోండి. పడవ కుదుపు పడనివారు పడవ ఎక్కడానికి అరగంటో గంటో ముందే వాంతుల మాత్ర వేసుకోవాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక దానివల్ల పెద్దగా లాభం ఉండదు.

కొత్తగా పెళ్లయిన వారికి ఒక మాట. టికెట్టు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. పెళ్లి తర్వాత పేరు మారినా పాస్‌పోర్టు పాతదైతే టికెట్టూ పాత పేరుతోనే కొనాలి. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉందో లేదో కూడా అప్పుడే చూసేయండి. సీషెల్స్‌కు బయలుదేరే ముందే ప్రయాణ అనుమతి తీసుకోవాలి. బాలిలో 2024 ఫిబ్రవరి నుంచి విదేశీ పర్యాటకులకు ప్రవేశ రుసుము ఉంది. జాంజిబార్‌లో 2024 అక్టోబరు నుంచి అక్కడి ప్రయాణ బీమా తప్పనిసరి చేశారు. ఇలాంటి నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి.

3. ఆటుపోట్ల పట్టిక ముందు పెట్టుకుని రోజు గీయండి

హోటళ్లు చూపించే ఫొటోలు సముద్రం నిండుగా ఉండే పోటు వేళ తీసినవి. జాంజిబార్ తూర్పు ఒడ్డున పాజే, జాంబియాని గ్రామాల దగ్గర ఆటు వేళ సముద్రం వందల మీటర్లు వెనక్కి వెళ్లిపోతుంది. నడుము లోతు నీళ్లు ఊహించుకుని వెళ్లినవారికి తడి ఇసుక, నాచు, అక్కడక్కడా సీ అర్చిన్ అనే ముళ్లబంతి లాంటి ప్రాణులు ఎదురవుతాయి. అంతమాత్రాన అది చెడ్డ ఒడ్డని కాదు. ఆ వేళ అక్కడ నడవడం గొప్ప అనుభవం, అయితే కాళ్లకు రబ్బరు చెప్పులు ఉండాలి. ఈతకు మాత్రం పోటు వచ్చేదాకా ఆగాల్సిందే.

చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. ఇవాళ ఉదయం 8 గంటలకు నిండిన నీరు రేపు 8.50కి, ఎల్లుండి 9.40కి నిండుతుందన్నమాట. పౌర్ణమి, అమావాస్యల ప్రాంతంలో నీరు బాగా పైకెక్కి బాగా కిందికి దిగుతుంది. అష్టమి రోజుల్లో ఆ తేడా తగ్గుతుంది. దీవి పేరుతో వెతికితే ఆటుపోట్ల పట్టిక ఉచితంగా దొరుకుతుంది. మీ మూడు పగళ్ల పోటు వేళలు ఒక కాగితం మీద రాసుకుంటే సగం దినచర్య దానంతటదే తయారవుతుంది. పోటుకు ఈత, ఆటుకు నడక, నడినెత్తి ఎండకు నిద్ర.

తేదీల్లో వెసులుబాటు ఉంటే చంద్రుణ్ణి కూడా లెక్కలోకి తీసుకోండి. వెన్నెల కావాలా, చుక్కలు కావాలా అన్నది ఇద్దరూ ఇంటి దగ్గరే తేల్చుకోవాల్సిన తగవు. నా ఓటు అమావాస్యకే. దీపాలు లేని ఒడ్డున పాలపుంత కనిపిస్తుంది. అదృష్టం కలిసొస్తే, నీళ్లలో చేయి కదిపినప్పుడు కంటికి కనిపించని జీవులు నీలి వెలుగు చిమ్ముతాయి.

4. ముందు సముద్రం, తర్వాత నేల

పడవ షికారు, స్నార్కెలింగ్ (గొట్టంతో గాలి పీలుస్తూ నీటి అడుగును చూడడం), డైవింగ్ ఏది అనుకున్నా మొదటి పూర్తి పగటికే పెట్టుకోండి. గాలి వల్ల రద్దయితే ఇంకా రెండు రోజులు చేతిలో ఉంటాయి. డైవింగ్ చేసేవారికి మరో బలమైన కారణం ఉంది. లోతులో ఒత్తిడితో కూడిన గాలి పీల్చినప్పుడు నత్రజని ఒంట్లో కరుగుతుంది. అది మెల్లగా బయటికి పోకముందే విమానం ఎక్కితే, క్యాబిన్‌లో తగ్గిన ఒత్తిడికి లోపల బుడగలు కట్టవచ్చు. కీళ్లనొప్పులతో మొదలై పక్షవాతం వరకు తీసుకెళ్లగల జబ్బు అది. మామూలు డైవ్ ఒక్కటి చేస్తే కనీసం 12 గంటలు, ఒకటికంటే ఎక్కువ చేస్తే కనీసం 18 గంటలు గడిచాకే విమానం ఎక్కాలన్నది డైవర్లు పాటించే నియమం. నీటి మీద తేలుతూ చేసే స్నార్కెలింగ్‌కు ఈ పట్టింపు లేదు.

పగడపు దిబ్బ మీద కాలు మోపకండి. గుండురాయిలా పెరిగే పగడాల్లో చాలావాటికి సెంటీమీటరు ఎదగడానికి సుమారు ఏడాది పడుతుంది. అలసిపోతే వెల్లకిలా తేలండి. ఇద్దరిలో ఒకరికి ఈత రాకపోతే లైఫ్ జాకెట్ వేసుకుని, గైడు పక్కన ఉండగా, పగడపు దిబ్బ చాటున నిమ్మళంగా, లోతు లేకుండా ఉండే లగూన్‌లో ప్రయత్నించవచ్చు. అదీ వద్దనుకుంటే అడుగున గాజు ఉన్న పడవ ఉండనే ఉంది. భయపడుతున్న మనిషిని సరదాకైనా నీళ్లలోకి లాగవద్దు. ఆ రోజే కాదు, మిగతా సెలవు కూడా చేదవుతుంది.

ఒడ్డుకు వచ్చే అలల వరుసలో ఒకచోట నురగ లేకుండా, నీరు ముదురు రంగులో నిమ్మళంగా కనిపిస్తే అది ఈతకు మంచి చోటని పొరబడకండి. చాలాసార్లు అది నీటిని సముద్రం లోపలికి లాగే ప్రవాహం. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా ఈది బయటపడ్డాకే ఒడ్డు వైపు తిరగాలి. ఒకరు నీళ్లలో ఉన్నంతసేపు ఒడ్డున ఉన్నవారి కళ్లు నీళ్ల మీదే ఉండాలి, ఫోను మీద కాదు.

5. ఇద్దరి కోరికలకూ చోటు

ఒకరు తెల్లవారుజామునే లేస్తారు, మరొకరికి సెలవంటే నిద్ర. దీన్ని సరిచేయాలని చూడకండి. మూడు పగళ్లలో ఒక పూట పూర్తిగా ఒకరి ఇష్టానికి, ఒక పూట రెండోవారి ఇష్టానికి రాసివ్వండి. పక్కవారు సణగకుండా వెంట రావాలి. ఇంకో పూట ఎవరికి వారు ఉండండి. జంటగా వెళ్లి విడిగా తిరగడమేమిటని వింతగా అనిపించవచ్చు. కానీ 24 గంటలూ ఒకే గదిలో, ఒకే గొడుగు కింద ఉంటే మూడో రోజుకు మాటలు అయిపోయి చిరాకులు మొదలవుతాయి. రెండు గంటలు విడిగా గడిపి వస్తే చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది.

సూర్యాస్తమయాన్ని మాత్రం కలిసే చూడండి. భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు దాదాపు నిటారుగా దిగుతాడు కాబట్టి, అస్తమించిన 20-25 నిమిషాల్లో చీకటి ముసురుకుంటుంది. దూరం నడిచి వెళ్తే టార్చి తీసుకెళ్లండి.

6. ఎండ, దోమ, చెట్టు

అక్కడ అతినీలలోహిత కిరణాల సూచీ మిట్టమధ్యాహ్నం తరచూ అతి తీవ్రమనే 11 దాటుతుంది. ఎండ నుంచి రక్షణను సూచించే ఎస్‌పీఎఫ్ అంకె 30 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న సన్‌స్క్రీన్ బయటికి వెళ్లే పావుగంట ముందు రాసుకుని, రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాసుకోవాలి. స్నార్కెలింగ్‌లో ముందు కాలేది వీపు. పొడుగు చేతుల ఈత చొక్కా ఏ క్రీము కన్నా నమ్మకమైనది. పగడాలకు హాని చేస్తాయని ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు ఉన్న క్రీముల వాడకాన్ని పసిఫిక్ దీవుల దేశం పలావు 2020 జనవరి నుంచి నిషేధించింది, వాటి అమ్మకాన్ని హవాయి 2021 జనవరి నుంచి ఆపింది. సీసా వెనక పేర్లు చదివి కొనండి. డెంగీ దోమ పగటిపూట కుడుతుంది కాబట్టి, దోమల మందు రాత్రికే అనుకోవద్దు.

కాయలున్న కొబ్బరిచెట్టు కింద చాప పరవకండి. కరీబియన్ ఒడ్లలో చిన్న పచ్చ ఆపిల్ లాంటి కాయలు కాసే మాంచినీల్ అనే విషవృక్షం ఉంది. వాన వచ్చిందని దాని కింద నిలబడితే ఆకుల మీదుగా జారిన నీటికే ఒళ్లు బొబ్బలెక్కుతుంది.

7. చివరి రాత్రి

విమానం ఉదయమే ఉంటే నాలుగో రాత్రి విమానాశ్రయం ఉన్న దీవిలో గడపండి. ఒకే గది అన్న నియమానికి నేను ఒప్పుకునే మినహాయింపు ఇదొక్కటే; గాలికి ఫెర్రీ ఆగిపోతే విమానం ఆగదు. ఏరుకున్న పగడపు ముక్కలు, జెయింట్ క్లామ్ అనే పెద్ద ఆల్చిప్పల పెంకులు ఒడ్డునే వదిలేయండి. ఇవి అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద రక్షణ ఉన్న జీవులవి, కస్టమ్స్ వారు ఆపగలరు. తడి బట్టలకు ఒక ప్లాస్టిక్ సంచి విడిగా ఉంచుకోండి. విమానం మధ్యాహ్నమైతే, చివరి ఉదయం పోటు ఎన్నింటికో ముందురోజే చూసుకుని దానికి గంట ముందు అలారం పెట్టండి.