ఇటాలియన్ క్రియాపదాలను విడగొట్టి పలకడం ఎలా?

ఇటాలియన్ మాటలు మన మాటల్లాగే ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, చాలావరకు రాసినట్టే పలుకుతారు, అంటే సగం పని అయిపోయినట్టే. టీ, డీ కనబడితే ఇంగ్లిష్ ట, డ లోకి పోకండి, అవి త, ద. అసలు ఇబ్బంది పెట్టేది మన ఒత్తుల అలవాటు.

ముందు ఒక క్రియను కాగితం మీద ముక్కలు చేయండి. ‘పర్లారె’ అంటే మాట్లాడటం. ఒత్తు పక్క అక్షరానికి వేలాడుతుంది కాబట్టి మనం ప-ర్లా-రె అని విరుస్తాం, వాళ్లు పర్-లా-రె అంటారు. ర, ల, మ, న తర్వాత ఇంకో హల్లు వస్తే కత్తెర మధ్యలో పడాలి. ద్విత్వమూ అంతే, లెగ్-గొ (చదువుతాను). కానీ స-కారంతో మొదలయ్యే జంటను రాతలో విడదీయరు: క-పి-స్కొ (నాకు అర్థమవుతుంది). అ-ప్రొ (తెరుస్తాను) కూడా అంతే, అక్కడ మన పద్ధతే కరెక్ట్.

తర్వాత ద్విత్వాన్ని నొక్కి పలకండి. ‘పర్లెరేమొ’ అంటే మాట్లాడతాం, ‘పర్లెరెమ్మొ’ అంటే వీలైతే మాట్లాడేవాళ్లం. తేడా ఒక్క ‘మ’. గడి, గడ్డి తేడా పుట్టుకతో తెలిసినవాళ్లకు ఇది టెన్షన్ పడేంత విషయమే కాదు.

అక్షరాల్లో సీ, జీ లను చూసుకోండి. ఎ, ఇ ల ముందు అవి చ, జ అవుతాయి, అందుకే లెగ్గొ, లెజ్జి, లెజ్జె, లెజ్జామొ, లెజ్జేతె, మళ్లీ లెగ్గొనొ. ‘చెర్కారె’ (వెతకడం) లో ‘క’ పోకూడదని ‘చెర్కి’ (నువ్వు వెతుకుతావు) రాసేటప్పుడు మధ్యలో ఒక హెచ్ పెడతారు.

ఇక ఊనిక, అంటే ఏ ముక్క మీద బరువు వేయాలన్నది. నేను చాలాకాలం తప్పు చేసింది ఇక్కడే, ‘వాళ్లు మాట్లాడతారు’ అనడానికి హాయిగా ‘పర్లానొ’ అనేవాణ్ణి. వర్తమానంలో నేను, నువ్వు, అతను, వాళ్లు అన్న రూపాల్లో బరువు సాధారణంగా ధాతువు మీద ఉంటుంది, మేము, మీరు అన్నప్పుడే ప్రత్యయం మీదికి జరుగుతుంది: పర్‌లొ, పర్‌లనొ, కానీ పర్ల్యామొ, పర్లాతె. చివరి అక్షరం మీద బరువుంటే మాత్రం రాతలో గీత పెడతారు, దాన్ని వదిలేస్తే ‘అతను మాట్లాడాడు’ కాస్తా ‘నేను మాట్లాడతాను’ అయిపోతుంది.

బల్ల మీద వేలితో తడుతూ ‘తెలేఫొననొ’ (వాళ్లు ఫోన్ చేస్తారు) అనండి. ఐదు ముక్కలు, గట్టి దెబ్బ రెండోదాని మీద, దాని తర్వాతి మూడూ గబగబా.