1:18 బీఎమ్‌డబ్ల్యూ ఎమ్5 మోడల్‌ను కొనేముందు పరీక్షించే విధానం

సేకరణ కోసం కొనే స్కేల్ మోడల్ (1:18 అంటే అసలు కారులో పద్దెనిమిదో వంతు ప్రతిరూపం) విలువను చాలామంది పెట్టె మీద ఉన్న కంపెనీ పేరును, అడుగున ముద్రించిన పరిమిత సంఖ్యను, అంటే మొత్తం ఎన్ని మోడళ్లు చేశారో, వాటిలో ఇది ఎన్నోదో చెప్పే అంకెను, చూసి నిర్ణయిస్తారు. మోడల్ అన్నది ఒక నిజమైన కారుకు ప్రతిరూపం కనుక, ముందుగా ఆ కారు కొలతలతో దాన్ని సరిచూసి, ఆ తరువాత దాని స్థితిని, చివరగా ధరను పరిశీలించడమే సరైన క్రమం. ఇక్కడ 1998 నుంచి 2003 వరకు తయారైన ఈ39 తరం బీఎమ్‌డబ్ల్యూ ఎమ్5ను, అంటే 5 సిరీస్ కారుకు శక్తిమంతమైన రూపాన్ని, ఉదాహరణగా తీసుకుంటున్నాను. జర్మనీలోని డింగోల్ఫింగ్ కర్మాగారంలో తయారైన ఈ నాలుగు తలుపుల కారు బయటికి మామూలు 5 సిరీస్ కంటే కొద్దిగానే భిన్నంగా కనిపిస్తుంది. ఆ కొద్దిపాటి తేడాలను మోడల్ తయారీదారు ఎంత శ్రద్ధగా పట్టుకున్నాడన్నదే మన పరీక్ష.

దీనికి ఒక వెర్నియర్ కాలిపర్ (చిన్న కొలతలను కచ్చితంగా చూపే పరికరం), ఒక భూతద్దం, పగటి వెలుతురు చాలు. అసలు కారు పొడవు 4,784 మి.మీ., వెడల్పు 1,800 మి.మీ., ముందు వెనుక చక్రాల కేంద్రాల మధ్య దూరం, అంటే వీల్‌బేస్, 2,830 మి.మీ. వీటిని 18తో భాగిస్తే మోడల్ పొడవు 265.8 మి.మీ., వెడల్పు సరిగ్గా 100 మి.మీ., వీల్‌బేస్ 157.2 మి.మీ. ఉండాలి. పొడవులో ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాను కంటితో గుర్తించడం కష్టం కాబట్టి దాన్ని క్షమించవచ్చు. వీల్‌బేస్‌లో తేడా ఉంటే మాత్రం తలుపులు, వెనుక కిటికీ, చక్రాల పైకమానులు అన్నీ తమ స్థానాల నుంచి జరిగినట్లే కాబట్టి, నేను పొడవు కంటే వీల్‌బేస్‌కే ఎక్కువ ప్రాధాన్యం ఇస్తాను.

మోడల్ చేతిలో లేకుండా ఫొటోలు చూసి కొనవలసి వస్తే నిష్పత్తులు ఉపయోగపడతాయి. ఈ కారు వీల్‌బేస్ మొత్తం పొడవులో 59 శాతం ఉంటుంది. ఫోన్‌ను మోడల్‌కు దగ్గరగా పెట్టి తీసిన ఫొటోలో ముందు భాగం ఉబ్బినట్టు వస్తుంది కనుక, కొంచెం దూరం నుంచి జూమ్ చేసి, సరిగ్గా పక్క నుంచి తీసిన ఫొటోను అమ్మకందారు నుంచి అడిగి తెప్పించుకుని, దాని మీద స్కేలు పెట్టి ఈ నిష్పత్తిని చూడాలి.

అన్నిటికంటే ఎక్కువ సమయం చక్రాల మీద పెట్టాలి, ఎందుకంటే మంచి మోడల్‌కూ సాధారణ మోడల్‌కూ తేడా మొట్టమొదట బయటపడేది అక్కడే. ఎమ్5కు 18 అంగుళాల చక్రాలు వచ్చాయి కాబట్టి 1:18 మోడల్‌లో రిమ్ వ్యాసం సరిగ్గా ఒక అంగుళం, అంటే 25.4 మి.మీ. అవుతుంది. అయితే ఈ కొలత టైరు అంచు కూర్చునే చోటిది. బయటికి కనిపించే పెదవి అసలు కారులోనే కొంచెం పెద్దది కాబట్టి, మోడల్‌లో 26 లేదా 27 మి.మీ. కనిపిస్తే తప్పు పట్టనక్కరలేదు. ముందు టైర్లు 245/40, వెనుక టైర్లు 275/35 పరిమాణంలో ఉంటాయి; మొదటి అంకె టైరు వెడల్పు మి.మీ.లలో, రెండోది ఆ వెడల్పులో టైరు పక్క ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. లెక్క వేస్తే మోడల్‌లో ముందు టైరు వెడల్పు 13.6 మి.మీ., వెనుక టైరు వెడల్పు 15.3 మి.మీ. ఉండాలి, టైరు బయటి వ్యాసం మాత్రం రెంటికీ దాదాపు 36 మి.మీ. వస్తుంది. ఖర్చు తగ్గించుకోవడానికి నాలుగు చోట్లా ఒకే టైరును, ఒకే రిమ్‌ను వాడిన మోడల్‌ను వెనుక నుంచి చూస్తే కారు సన్నగా, బలం లేనట్టుగా కనిపిస్తుంది. ఇంత శక్తిమంతమైన కారుకు ఆ రూపం అసలు నప్పదు.

తరువాత కారు నిలబడిన తీరును చూడాలి. టైరు పై అంచుకూ పైకమానుకూ మధ్య ఖాళీ నాలుగు మూలల్లో ఒకేలా, తక్కువగా ఉండాలి. స్ప్రింగు సస్పెన్షన్ ఉన్న పాత డైకాస్ట్ (లోహాన్ని అచ్చులో పోతపోసిన) మోడళ్లలో ముందు భాగం పైకి లేచి ఉండటం తరచుగా కనిపించే లోపం. ఎంత మంచి పెయింట్ వేసినా ఈ లోపాన్ని దాచలేదు.

ఇక గుర్తింపు వివరాలు. వెనుక బంపర్ కింద చెరో పక్క రెండు చొప్పున నాలుగు గుండ్రని ఎగ్జాస్ట్ గొట్టాలు ఉండాలి. వాటి లోపల తొలిచి ఉంటే మంచి పని, నల్ల రంగు చుక్క పెట్టి వదిలేస్తే చవక పని. డిక్కీ అంచు మీద చిన్న స్పాయిలర్ (రెక్క లాంటి పట్టీ), తలుపుల పక్కన ఎమ్ తరహా అద్దాలు ఉండాలి. ముందు దీపాల్లో వెలిగే వలయాలు కనిపిస్తే అది 2001 మోడల్ సంవత్సరం కోసం చేసిన మార్పుల తరువాతి కారు. వలయాల దీపాలు పెట్టి, పెట్టె మీద 1999 అని ముద్రిస్తే అది తయారీదారు అజాగ్రత్త. ఈ తరం ఎమ్5 ఆరు గేర్ల మాన్యువల్‌తో మాత్రమే వచ్చింది కాబట్టి, భూతద్దంతో చూసినప్పుడు లోపల మూడు పెడళ్లు కనిపించాలి. రెండే ఉంటే ఆటోమేటిక్ గేర్ల మామూలు 5 సిరీస్ లోపలి భాగాన్నే తెచ్చి ఇందులో పెట్టారని అర్థం. బానెట్ తెరుచుకునే మోడల్ అయితే 4.9 లీటర్ల వి8 ఇంజిన్ పైన ఎమ్ పవర్ అక్షరాలు చదవగలిగేంత స్పష్టంగా ఉన్నాయో లేదో చూడాలి.

పెయింట్‌ను కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని పరిశీలించాలి. ఉపరితలం నారింజ తొక్కలా గరుకుగా ఉండకూడదు. తలుపుల గీతలు రంగుతో పూడిపోకూడదు. లే మాన్స్ బ్లూ వంటి మెటాలిక్ రంగుల్లో మెరుపు రేణువులు మరీ పెద్దవిగా ఉంటే, స్కేలు ప్రకారం అవి అసలు కారు మీద గులకరాళ్లంత అవుతాయి. ఇది కొలిచే లోపం కాకపోయినా చూడగానే మోడల్‌ను బొమ్మ స్థాయికి దించేస్తుంది.

స్థితిని పరీక్షించే పద్ధతి మోడల్ ఏ పదార్థంతో చేసిందన్న దాని మీద ఆధారపడుతుంది. డైకాస్ట్ మోడళ్లు జింకు మిశ్రమంతో పోతపోసినవి. ఆ మిశ్రమంలో సీసం వంటి మలినాలు కలిస్తే ఏళ్ల తరువాత లోహం లోపలి నుంచే ఉబ్బి, పగులుతుంది; దీన్ని జింక్ పెస్ట్ అంటారు. తేమ దాన్ని వేగవంతం చేస్తుంది, మరమ్మతు మాత్రం లేదు. తలుపు బిగుసుకుపోవడం, అంచుల్లో ఉబ్బు, పెయింట్ కింద వెంట్రుకవాసి పగుళ్లు కనిపిస్తే ధర ఎంత తక్కువైనా కొనకూడదు. ప్లాస్టిక్ కాగితం చుట్టి ఏళ్ల తరబడి పెట్టెలో ఉంచిన మోడళ్ల మీద వచ్చే చిన్న బుడగలు వేరు. అవి పెయింట్‌కు మాత్రమే పరిమితమైన నష్టం, ధర తగ్గించి అడగడానికి కారణం. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో నిల్వ ఉన్న మోడళ్లలో ఈ రెండింటినీ మరింత జాగ్రత్తగా వెతకాలి.

రెజిన్ (అచ్చులో పోసి గట్టిపరిచే ప్లాస్టిక్ వంటి పదార్థం) మోడళ్లలో సాధారణంగా తలుపులు తెరుచుకోవు. దానికి బదులుగా గీతలు పదునుగా వస్తాయి. వాటికి ప్రమాదం వేడి నుంచి. ఎండ తగిలే అల్మరాలో ఉన్న మోడల్‌ను సమతలమైన అద్దం మీద పెట్టి, నాలుగు చక్రాలూ ఆనుతున్నాయో లేదో చూస్తే శరీరం వంగిందీ లేనిదీ తెలుస్తుంది. అతికించిన చిన్న భాగాల చుట్టూ జిగురు మరకలు, ఊడి మళ్లీ అతికించిన గుర్తులు కూడా చూడాలి.

రెండు రకాల్లోనూ అడుగున ఉన్న స్క్రూలను భూతద్దంతో పరిశీలించాలి. వాటి తలలు చెదిరి ఉంటే ఎవరో మోడల్‌ను విప్పారని అర్థం. విప్పి తిరిగి రంగు వేసినవాటిని కర్మాగారపు అరుదైన రంగుగా అమ్మే ప్రయత్నాలు జరుగుతాయి. మెత్తని టైర్లలోని నూనె గుణం ప్రదర్శన పీఠాన్ని కరిగించి, చక్రాలను దానికి అంటుకునేలా చేస్తుంది కాబట్టి, మోడల్‌ను పీఠం నుంచి తీసి చూపమని అడగాలి.

పెట్టె, ధ్రువపత్రం ఉండటం మంచిదే. ధ్రువపత్రం మీది సంఖ్య, మోడల్ అడుగు మీది సంఖ్య ఒకటేనా అన్నది సరిచూస్తే సరిపోతుంది. పరిమిత సంఖ్య తక్కువ అన్నంత మాత్రాన విలువ పెరగదు. తప్పు వీల్‌బేస్ ఉన్న మోడల్‌ను తక్కువ సంఖ్యలో చేసినా అది తప్పు మోడలే.

ధర విషయంలో, ఆన్‌లైన్‌లో అమ్మకందార్లు అడిగే మొత్తాలను వదిలేసి, అదే తయారీదారు, అదే రంగు మోడల్ నిజంగా ఎంతకు అమ్ముడైందో చూపించే వేలం పుటలను వెతకాలి. పెట్టె లేని, అద్దం విరిగిన, టైర్లు చదునైన మోడళ్ల అమ్మకాలను పక్కన పెట్టి, మీ ముందున్న మోడల్ స్థితికి దగ్గరగా ఉన్నవాటినే పోల్చాలి. విదేశాల నుంచి తెప్పించుకునేవారు మరో లెక్క కూడా వేసుకోవాలి. భారత కస్టమ్స్ పట్టికలో స్కేల్ మోడళ్లు కూడా బొమ్మలున్న 9503 పద్దు కిందికే వస్తాయి కనుక, ఆ పద్దుకు ఆ రోజున అమల్లో ఉన్న సుంకాన్ని, రవాణా ఖర్చును కలిపి చూసుకున్న తరువాతే అమ్మకందారుకు మీ ధర చెప్పండి.